హెల్గోలాండ్ జెండా, డాలు చిహ్నం: తరచుగా అడిగే ప్రశ్నలు

హాంబుర్గ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఎండాకాలంలో హెల్గోలాండ్ వెళ్లొచ్చి ఫొటోలు పంపిస్తుంటారు. ఎర్రటి కొండ, రేవు పక్కన రంగులేసిన చెక్క గుడిసెలు, వాటి మీద ఎక్కడో ఒకచోట ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు పట్టీల జెండా. వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. ఈ జెండా అంటే నాకు చాలా ఇష్టం, కాబట్టి కొన్ని జవాబులు పొడుగ్గానే ఉంటాయి.

ఇది ఏ దేశం జెండా?

దేశానిది కాదు, ఒక ఊరిది. హెల్గోలాండ్ ఉత్తర సముద్రంలో ఉన్న చిన్న దీవి, జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం, పిన్నెబెర్గ్ జిల్లా కిందికి వస్తుంది. జనాభా సుమారు 1,300, అంటే మన దగ్గర ఒక చిన్న పంచాయతీ అంత. పెద్ద దీవి విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు ఉంటుంది, పక్కనే 'డ్యూనె' అనే ఇసుక దీవి 0.7 చదరపు కిలోమీటర్లు. కుక్స్‌హాఫెన్ రేవు నుంచి సముద్రం మీద 60 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. పాలన పరంగా చూస్తే ఇది జర్మన్లు 'గెమైండె' అనే గ్రామపాలన యూనిట్, దానికో మేయరు, ఒక పాలకమండలి.

అంత చిన్న ఊరికి సొంత జెండా ఎందుకు?

జర్మనీలో ఇది మామూలు విషయం. అక్కడ పది వేలకు పైగా గెమైండెలున్నాయి, వాటిలో చాలావాటికి సొంత డాలు చిహ్నం (డాలు ఆకారంలో గీసే ఊరి గుర్తు) ఉంటుంది, దానితోపాటు జెండా కూడా. ఊళ్లోకి వెళ్లే దారిలో, పంచాయతీ ఆఫీసు గుమ్మం మీద, అగ్నిమాపక దళం బండి మీద, ఫుట్‌బాల్ క్లబ్బు చొక్కా మీద అదే కనబడుతుంది. నాగలి, గోధుమ వెన్ను, మర చక్రం, ఊరి చర్చికి సంబంధించిన సాధువు గుర్తు, ఇలాంటివి ఎక్కువ. పెద్ద నగరాల్లోనూ ఇదే పద్ధతి. బెర్లిన్‌కు ఎలుగుబంటి (జర్మన్‌లో 'బేర్'), మ్యూనిక్‌కు సన్యాసి (జర్మన్‌లో 'మ్యోన్ష్'). పేరునే బొమ్మగా పలికించే అలాంటి చిహ్నాలను జర్మన్‌లో 'మాట్లాడే' చిహ్నాలు అంటారు.

హెల్గోలాండ్ డాలు మీద మాత్రం ఏ బొమ్మా లేదు. జంతువు లేదు, కత్తి లేదు, చర్చి లేదు. మూడు రంగులే. నా దృష్టిలో దాని గొప్పతనమంతా అక్కడే ఉంది, ఎందుకో కింద రాస్తాను.

జెండాలో రంగుల వరస ఏమిటి?

పైన ఆకుపచ్చ, మధ్యలో ఎరుపు, కింద తెలుపు. మూడూ అడ్డ పట్టీలు, సమాన వెడల్పు. ఈ వరస తప్పకూడదు. తెలుగులో 'పచ్చ' అంటే పసుపూ అవుతుంది, ఆకు రంగూ అవుతుంది కాబట్టి ఇక్కడంతా ఆకుపచ్చ అనే రాస్తున్నాను. ఒకసారి తెలిసినవాళ్లొకరు 'పచ్చ, ఎరుపు, తెలుపు' అని ఫోన్‌లో చెబితే అవతలివాళ్లు పైపట్టీ పసుపు రంగులో ప్రింట్ చేయించేశారు, డబ్బు దండగైంది.

ఆ మూడు రంగులకు అర్థం ఏమిటి?

చాలా జెండాల రంగులకు త్యాగం, శాంతి, సమృద్ధి అని అర్థాలు చెబుతుంటారు. ఇక్కడ అలా కాదు. దీవివాళ్లు పిల్లలకు కూడా నేర్పే నాలుగు పాదాల పద్యం ఒకటుంది, ఉత్తర జర్మనీలో మాట్లాడే 'లో జర్మన్' అనే భాషలో:

గ్రూన్ ఈస్ దాత్ లాంట్,
రోట్ ఈస్ దే కాంట్,
విట్ ఈస్ దే జాంట్,
దాత్ జూంట్ దే ఫార్వెన్ ఫున్ హెల్గోలాంట్.

మన మాటల్లో చెప్పాలంటే: ఆకుపచ్చన నేల, ఎర్రన అంచు, తెల్లన ఇసుక, ఇవీ హెల్గోలాండ్ రంగులు. 'కాంట్' అనే మాటకు తెలుగులో 'అంచు' అచ్చంగా సరిపోతుంది. చీరకు అంచు ఎలాగో ఆ నేలకు ఎర్ర కొండ అలా. పైన గడ్డి పరుచుకున్న బల్లపరుపు నేల, దాని చుట్టూ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగే ఎర్ర రాయి.

ఈ పద్యానికి దీవి సొంత భాషలోనూ రూపం ఉంది. ఆ భాష పేరు హాలుండర్, ఆ సముద్ర తీరాన మాట్లాడే ఉత్తర ఫ్రిసియన్ భాషలో ఒక యాస. 2004లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ చేసిన ఫ్రిసియన్ భాషా చట్టం నార్డ్‌ఫ్రీస్‌లాండ్ జిల్లాకూ హెల్గోలాండ్‌కూ వర్తిస్తుంది. దీవివాళ్లు తమ దీవిని ఆ భాషలో ఉత్త 'నేల' అనే పిలుచుకుంటారు, చుట్టూ సముద్రమే ఉన్నప్పుడు వేరే పేరు అవసరం పడలేదేమో. పద్యం మొదటి పాదంలో వచ్చే నేల కూడా అదే.

కాబట్టి ఈ జెండా గుర్తుల జెండా కాదు, చూసి గీసిన జెండా. సముద్రం మీద నుంచి వచ్చేవాడికి దీవి ఎలా కనబడుతుందో అలాగే. మేం కుక్స్‌హాఫెన్ నుంచి ఓడలో వెళ్లినప్పుడు మొదట దిగంతం మీద బూడిద రంగు మచ్చలా కనబడింది. దగ్గరయ్యే కొద్దీ మచ్చ ఎరుపెక్కింది, ఇంకాస్త దగ్గరయ్యాక దాని నెత్తిన సన్నటి ఆకుపచ్చ గీత తేలింది, చివరికి కుడి చేతి వైపు నీళ్లకు ఆనుకుని తెల్లటి ఇసుక పట్టీ. డెక్ మీద పక్కన నిలబడ్డ పెద్దావిడ తన సంచికి కుట్టుకున్న చిన్న జెండాను వేలితో చూపించి, తర్వాత దీవి వైపు చూపించింది. ఒక్క మాట కూడా అనలేదు, అనాల్సిన పనీ లేదు.

ఆ రాయి నిజంగా అంత ఎర్రగా ఉంటుందా, ఫొటోల్లో రంగు పెంచుతారా?

నిజంగానే ఎరుపు. సాయంత్రం పూట పడమటి వైపు చూస్తే ఫొటోలే తక్కువ అనిపిస్తాయి. అది ఇసుకరాయి, జర్మన్ భూగర్భ శాస్త్రంలో 'బుంట్‌జాండ్‌స్టైన్' అంటారు. డైనోసార్ల యుగం మొదలయ్యే ముందరి కాలంలో పేరుకున్న ఇసుక, మన్ను గట్టిపడి అయిన రాయి. ఎరుపు వచ్చేది ఇనుము తుప్పు వల్ల. మామూలుగా ఆ రాయి భూమి లోతుల్లో ఉండాల్సింది, అడుగున ఉన్న ఉప్పు పొరలు లక్షల ఏళ్లపాటు పైకి పొంగుతూ దాన్ని ఎత్తి సముద్రం బయట పెట్టాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఒకే ఎరుపు కాదు. ముదురు ఎరుపు, ఇటుక రంగు, మధ్యమధ్యలో పాలిపోయిన తెల్లటి చారలు, దొంతరగా పేర్చిన దుప్పట్లలాగా కాస్త ఏటవాలుగా ఉంటాయి. రాలిపడ్డ ముక్కను చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దితే ఎర్రటి పొడి అంటుకుంటుంది. అంత మెత్తన. అందుకే కెరటాలు దాన్ని ఏటేటా తినేస్తున్నాయి, పడమటి వైపు రక్షణ గోడ కట్టాల్సి వచ్చింది.

దీవి ఉత్తర కొసన ఒంటరిగా నిలబడ్డ 47 మీటర్ల రాతి స్తంభం పేరు 'లాంగె ఆన్నా', అంటే పొడుగు ఆన్నా. ఆన్నా ఆడపేరు, మన 'అన్న' కాదు. అక్కడికి దగ్గర్లోనే సముద్రపక్షులు గూళ్లు పెట్టే కొండ గోడ. వసంతంలో వేల పక్షులు చేరి రెట్టలతో ఆ ఎరుపును చాలామటుకు తెల్లగా మార్చేస్తాయి.

మరి ఆకుపచ్చ? అక్కడ అడవులున్నాయా?

లేవు. ఉన్నది గడ్డి, ఊళ్లో తోటలు, కొన్ని చెట్లు. గాలికి పెద్ద చెట్లు నిలవడం కష్టం. పుప్పొడి తక్కువనే 1925 జూన్‌లో భౌతిక శాస్త్రవేత్త వెర్నర్ హైజెన్‌బెర్గ్ తన పుప్పొడి జ్వరం తగ్గించుకోవడానికి ఇక్కడికి వచ్చాడు, క్వాంటం మెకానిక్స్‌కు దారి తీసిన లెక్కలు ఇక్కడే కుదిరాయి. జెండాకు దానితో సంబంధం లేదు గానీ, ఈ పేరు వినగానే ఫిజిక్స్ చదివినవాళ్లు తప్పకుండా అడుగుతారు.

తెల్ల పట్టీ అంటే బీచేనా? బీచ్ అన్ని దీవులకూ ఉంటుంది కదా?

మంచి ప్రశ్న. తెలుపు వెనుక ఒక పోయిన కొండ కథ ఉంది.

ఇప్పుడు మనం చూసే తెల్ల ఇసుక ప్రధానంగా డ్యూనె అనే పక్క దీవిలో ఉంది. ఒకప్పుడు అది వేరే దీవి కాదు. ఎర్ర కొండకు తూర్పున ఇంకో కొండ ఉండేది, సున్నపురాయి, జిప్సం కలిసిన తెల్ల కొండ. రెంటినీ గులకరాళ్లు, ఇసుకతో ఏర్పడ్డ సన్నటి మెడలాంటి నేల కలిపేది. తెల్ల రాయికి బయట మంచి ధర పలకడంతో వందల ఏళ్లపాటు దాన్ని తవ్వి అమ్ముకున్నారు. తవ్వి తవ్వి బలహీనపడ్డ ఆ కొండలో మిగిలిన ముక్క 1711లో వచ్చిన తుపానుకు కూలిపోయింది. కాపుగా ఉన్న కొండ పోయాక మధ్యనున్న మెడ నేల ఎంతో కాలం ఆగలేదు, 1720 చివరి రాత్రి తెల్లారితే 1721 అనగా వచ్చిన ఉప్పెన దాన్ని తెంచేసింది. అప్పటి నుంచి ఒకటి రెండైంది.

అందుకే ఆ తెల్ల పట్టీని చూసినప్పుడల్లా నాకు బీచ్‌కన్నా ముందు ఆ కొండే గుర్తొస్తుంది. పద్యం మాత్రం ఇసుక అనే అంటుంది, పద్యం ఏమంటే అదే అధికారికం అనుకోండి.

డాలు చిహ్నం అంటే ఏమిటి? జెండాకు దానికి తేడా ఏమిటి?

జర్మన్‌లో దీన్ని 'వాపెన్' అంటారు. ఆయుధం అనే అర్థమున్న 'వాఫె' అనే మాటా ఇదీ ఒకే వేరు నుంచి వచ్చినవే. మధ్యయుగంలో ముఖం కనబడకుండా ఇనుప టోపీ పెట్టుకున్న యోధుణ్ణి గుర్తుపట్టడానికి డాలు మీద వేసిన రంగులు, బొమ్మలే దీనికి మొదలు. తర్వాత వంశాలకు, నగరాలకు, చివరికి ఊళ్లకు వచ్చింది. తెలుగులో కొందరు 'రాజచిహ్నం' అంటారు, ఈ ఊరికి రాజు లేడు కాబట్టి నేను 'డాలు చిహ్నం' అంటున్నాను.

హెల్గోలాండ్ విషయంలో జెండాకూ డాలుకూ ఉన్న తేడా ఆకారం మాత్రమే. డాలును అడ్డంగా మూడు భాగాలు చేసి పైన ఆకుపచ్చ, మధ్య ఎరుపు, కింద వెండి. వెండి అంటే గీసేటప్పుడు తెలుపే. ఈ శాస్త్రంలో తెలుపును వెండి అనీ పసుపును బంగారం అనీ అంటారు. చాలా ఊళ్లలో ముందు డాలు ఉండి, దాని రంగుల నుంచి జెండా తీస్తారు, లేదా జెండా మధ్యలో డాలు అతికిస్తారు. ఇక్కడ ఆ అతికింపు అవసరమే లేదు.

ఏ ఆకుపచ్చ వాడాలి? రంగు నంబర్ ఉందా?

ఇది డిజైనర్లు అడిగే ప్రశ్న. డాలు శాస్త్రం పద్ధతి ప్రకారం అసలైనది బొమ్మ కాదు, మాటల్లో రాసిన వర్ణన. 'ఆకుపచ్చ, ఎరుపు, వెండిగా అడ్డంగా విభజించిన డాలు' అని రాసి ఉంటే దాన్ని ఎవరు గీసినా, ముదురు ఆకుపచ్చతో గీసినా లేత ఆకుపచ్చతో గీసినా, డాలు కింది కొస గుండ్రంగా పెట్టినా మొనదేలినట్టు పెట్టినా అదే చిహ్నం. చూసినవాడికి అది ఆకుపచ్చే అని అనుమానం లేకుండా తెలియాలి, అంతే. లోగో అయితే గీత వంకర పోయినా తప్పే, ఇక్కడ అలా కాదు. దీనివల్లే రేవు దగ్గర ఎండకు వెలిసిపోయిన జెండా, దుకాణంలో మెరిసే కొత్త స్టిక్కరు రెండూ సమానంగా సరైనవే.

ఇంకో సంగతి. వర్ణన రాసేటప్పుడు కుడి, ఎడమ అనేవి డాలు పట్టుకున్నవాడి వైపు నుంచి చెబుతారు, చూసేవాడి వైపు నుంచి కాదు. అడ్డ పట్టీలే కాబట్టి ఈ ఊరికి ఆ గొడవ లేదు, మిగతా ఊళ్ల వర్ణనలు చదివేటప్పుడు మాత్రం గుర్తుంచుకోండి.

ఆకుపచ్చ పక్కనే ఎరుపు పెట్టడం డాలు శాస్త్రం ప్రకారం తప్పంటారు, నిజమేనా?

పాత నియమం ఒకటుంది: రంగు మీద రంగు వద్దు, లోహం మీద లోహం వద్దు. బంగారం, వెండి లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ రంగులు. దూరం నుంచి స్పష్టంగా కనబడటం కోసం పెట్టుకున్న నియమం ఇది. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రం జెండా చూడండి: ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. రెండు రంగుల మధ్య తెలుపు కంచెలా నిలబడింది. హెల్గోలాండ్‌లో ఆకుపచ్చ, ఎరుపు నేరుగా తగులుకుంటాయి.

అయితే ఆ నియమం గట్టిగా పట్టించుకునేది ఒక రంగు మీద ఇంకో బొమ్మ పెట్టినప్పుడు. డాలును పట్టీలుగా విడదీసినప్పుడు పక్కపక్కన ఉండే రంగుల విషయంలో చాలా సడలింపు ఉంది. పైగా ఇక్కడ వరస మార్చమంటే దీవినే మార్చాలి. గడ్డికీ రాయికీ మధ్య తెల్ల ఇసుక ఎక్కడి నుంచి తెస్తారు? నియమం కన్నా నేల పెద్దది అని ఒప్పుకున్న డాలు ఇది, ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం. ఒక్క ఇబ్బంది నిజమైనదే ఉంది: ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని చూపు ఉన్నవారికి పై రెండు పట్టీలు కలిసిపోయినట్టు కనబడొచ్చు.

నలుపు-తెలుపు ముద్రలో మూడు రంగులు ఎలా చూపిస్తారు?

దీనికి 17వ శతాబ్దం నుంచి ఒక గీతల భాష ఉంది. ఎరుపుకు నిలువు గీతలు, నీలానికి అడ్డ గీతలు, ఆకుపచ్చకు చూసేవాడి ఎడమ పైమూల నుంచి కుడి కిందమూలకు ఏటవాలు గీతలు, బంగారానికి చుక్కలు, వెండికి ఏమీ గీయకుండా ఖాళీ. కాబట్టి హెల్గోలాండ్ డాలును రంగు లేకుండా గీయాలంటే పైన ఏటవాలు గీతలు, మధ్యలో నిలువు గీతలు, కింద ఖాళీ. ఒక కాగితం మీద పెన్సిల్‌తో గీసి చూడండి, రెండు నిమిషాల పని. మధ్య నిలువు గీతలు కొండ గోడలాగే కనిపిస్తాయి, పిల్లలకు చూపిస్తే సరదా పడతారు.

పాత బొమ్మల్లో మూలన యూనియన్ జాక్ కనబడుతోంది. అది నకిలీనా?

కాదు, అసలైనదే. 1807లో నెపోలియన్ యుద్ధాల సమయంలో బ్రిటన్ ఈ దీవిని డెన్మార్క్ నుంచి లాక్కుంది, 1814 కీల్ ఒప్పందంతో అది ఖాయమైంది. 1890 దాకా బ్రిటిష్ కాలనీ. ఆ రోజుల్లో ఇవే మూడు పట్టీలు ఉంచి, కర్ర వైపు పైమూలన యూనియన్ జాక్ చేర్చారు. అంటే మనల్ని పాలించిన జెండాయే ఈ చిన్న ఊరి జెండా మూలన కూడా 19వ శతాబ్దంలో కూర్చుంది.

ఇంకో విడ్డూరం ఏమిటంటే, జర్మన్ జాతీయ గీతానికి మూలమైన పాటను హోఫ్‌మన్ ఫొన్ ఫాలెర్స్‌లేబెన్ 1841 ఆగస్టు 26న రాసింది ఈ దీవిలోనే, అప్పటికి ఇది బ్రిటిష్ నేల.

జాంజిబార్ ఇచ్చి ఈ దీవిని కొనుక్కున్నారట కదా?

అలా చెప్పుకోవడం వాడుకైపోయింది గానీ జాంజిబార్ జర్మనీది కాదు, ఇవ్వడానికి. 1890 జులై 1న కుదిరిన ఒప్పందంలో జర్మనీ తూర్పు ఆఫ్రికాలోని కొన్ని హక్కులను, వాదనలను వదులుకుంది, జాంజిబార్ మీద బ్రిటన్ ఆధిపత్యానికి అడ్డు చెప్పనంది. బదులుగా వచ్చినవాటిలో హెల్గోలాండ్ ఒకటి. ఆగస్టులో దీవి చేతులు మారింది, యూనియన్ జాక్ దిగింది. మూడు పట్టీలు అలాగే ఉండిపోయాయి.

స్టాంపులు సేకరించేవాళ్లు హెల్గోలాండ్ పేరు ఎందుకు తలుచుకుంటారు?

కాలనీగా ఉన్నప్పుడు 1867 నుంచి 1890 దాకా దీనికి సొంత స్టాంపులుండేవి. విక్టోరియా రాణి తల తెల్లగా ఉబ్బెత్తుగా అచ్చయి, చుట్టూ ఆకుపచ్చ, ఎరుపు. అంటే కలిపి చూస్తే ఊరి జెండాయే. అవి అచ్చైంది లండన్‌లో కాదు, బెర్లిన్‌లో. తర్వాత వచ్చిన కొన్నిటి మీద రాణి బదులు డాలు బొమ్మ కూడా వేశారు. 1875 నుంచి ఒకే స్టాంపు మీద బ్రిటిష్ నాణెంలోనూ జర్మన్ నాణెంలోనూ వెల ఉండేది. కొనాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త: తర్వాతి కాలంలో తిరిగి అచ్చేసిన కాపీలు అసలువాటికన్నా ఎక్కువగా దొరుకుతాయి. నిపుణుడి ధ్రువపత్రం లేకుండా పెద్ద ధర పెట్టకండి.

1950లో ఇద్దరు విద్యార్థులు జెండా ఎగరేసిన కథ ఏమిటి?

ఈ జెండా చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజు అదే, కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో దీవి నౌకాదళ స్థావరం. 1945 ఏప్రిల్ 18న దాదాపు వెయ్యి విమానాలు బాంబులు కురిపించాయి. కొండ లోపల తవ్విన సొరంగాల్లో తలదాచుకుని చాలామంది బతికారు గానీ పైన ఇల్లంటూ మిగల్లేదు. అందరినీ ఖాళీ చేయించి తీరం మీదికి తరలించారు. యుద్ధం అయిపోయినా తిరిగి రానివ్వలేదు. 1947లో సరిగ్గా అదే తేదీన, ఏప్రిల్ 18న, బ్రిటిష్ నౌకాదళం అక్కడి సైనిక కట్టడాలను నాశనం చేయడానికి సుమారు 6,700 టన్నుల పేలుడు పదార్థాన్ని ఒక్కసారిగా పేల్చింది. అణుబాంబు కాని పేలుళ్లలో చరిత్రలోనే అతి పెద్దవాటిలో ఒకటి అది. దక్షిణ కొస కూలి, పైఊరికీ కిందిఊరికీ మధ్య అంతకు ముందు లేని నేల ఏర్పడింది, ఇప్పుడు దాన్ని 'మధ్యనేల' అనే అర్థంలో మిట్టెల్‌లాండ్ అంటున్నారు. దీవి మాత్రం నిలబడింది. ఆ తర్వాత దాన్ని బ్రిటిష్ విమానాలు బాంబులు వేయడం సాధన చేసుకునే లక్ష్యంగా వాడుకున్నాయి.

అలాంటి చోటికి 1950 డిసెంబర్ 20న హైడెల్‌బెర్గ్‌లో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు, రెనే లాయిడెస్‌డోర్ఫ్, గేఓర్గ్ ఫొన్ హాట్స్‌ఫెల్ట్, పడవలో చేరుకున్నారు. చలికాలం, కూలిన గోడలు, ఎప్పుడైనా బాంబు పడొచ్చు. అక్కడ జర్మన్ జెండా, ఐరోపా ఐక్యత కోరే ఉద్యమం జెండా ఎగరేశారు, వాటితోపాటు ఊరి జెండా కూడా. కొద్ది రోజులకు రచయిత హుబెర్టుస్ ప్రిన్స్ జు లోవెన్‌స్టైన్ కూడా వచ్చి చేరాడు. వాళ్లను దింపేశారు గానీ వార్త దేశమంతా పాకింది, దీవిని తిరిగి ఇచ్చేయాలన్న ఒత్తిడి పెరిగింది. 1952 మార్చి 1న దీవి జర్మన్ చేతికి తిరిగి వచ్చింది. అప్పటి నుంచి దీవివాళ్లకు మార్చి 1 పండుగ రోజు.

జనం లేని, ఇల్లు లేని, చెట్టు లేని ఊరికి జెండా ఏమిటి అని అడగొచ్చు. ఏడేళ్లు వేరే ఊళ్లలో అద్దె గదుల్లో బతికిన ఆ దీవివాళ్ల వైపు నుంచి ఆలోచించండి. గడ్డి కాలిపోయింది, కొండ విరిగింది, ఇసుకలో గుండ్లు. ఆ మూడూ ఒకప్పుడు ఎలా ఉండేవో చూపించేది ఆ గుడ్డ ముక్క ఒక్కటే.

కొత్తగా డాలు చిహ్నం కావాలంటే ఊరు ఏం చేయాలి?

ప్రతి రాష్ట్రానికీ వేరే చట్టం. ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో గ్రామపాలన చట్టం ప్రకారం ఊళ్లు తమ పాత చిహ్నాలను, జెండాలను అలాగే వాడుకోవచ్చు. కొత్తది పెట్టుకోవాలన్నా ఉన్నది మార్చాలన్నా రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి. సలహా ఇవ్వడం, నమోదు పుస్తకం ఉంచడం రాష్ట్ర అభిలేఖాగారం పని. ఇంకో ఊరి చిహ్నంతో కలిసిపోయేలా ఉన్నా, డాలులో అక్షరాలు ఇరికించినా, బొమ్మలు మరీ ఎక్కువైనా ఒప్పుకోరు.

నా టీషర్టు మీద, కప్పు మీద వేసుకోవచ్చా?

మూడు పట్టీల జెండాను ఇంటి మీద ఎగరేసుకోవచ్చు, అభిమానంతో పట్టుకోవచ్చు, దీవి దుకాణాల నిండా అవే. డాలు చిహ్నం విషయం వేరు. ఊరి డాలు అంటే ఊరి సంతకం లాంటిది, దాన్ని వాడితే ఊరే మాట్లాడుతోందన్న అర్థం వస్తుంది. అందుకే జర్మన్ చట్టం దానికి పేరుకు ఇచ్చే రక్షణే ఇస్తుంది. మీ వ్యాపార కార్డు మీద, కంపెనీ వెబ్‌సైటు మీద పెట్టాలంటే ముందు గ్రామ పాలనకు రాసి అనుమతి అడగండి.

నిలువుగా వేలాడదీస్తే ఏ రంగు ఎటు?

జర్మనీలో పొడవుగా కిందికి వేలాడే జెండాలు ఎక్కువ కనిపిస్తాయి. పై పట్టీ చూసేవాడి ఎడమకు వస్తుంది. అంటే ఎడమన ఆకుపచ్చ, మధ్యలో ఎరుపు, కుడిన తెలుపు.

ఏయే జెండాలతో పొరబడతారు?

బల్గేరియా: తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు. హంగరీ: ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. ఇటలీ నిలువు పట్టీలు. పైన చెప్పిన నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా. గుర్తు పెట్టుకోవడానికి పద్యం ఉండనే ఉంది: నేల, అంచు, ఇసుక, పై నుంచి కిందికి. సొంత రాష్ట్రమైన ష్లెస్విగ్-హోల్‌స్టైన్ జెండా నీలం, తెలుపు, ఎరుపు; ఉత్తర ఫ్రిసియన్లది బంగారు, ఎరుపు, నీలం. భాష ఫ్రిసియన్‌దే అయినా జెండాను మాత్రం దీవి ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు.

స్వయంగా చూడాలంటే ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

హాంబుర్గ్ నుంచి వేసవిలో వేగంగా వెళ్లే కాటమరాన్ ఉంది, కుక్స్‌హాఫెన్ నుంచి మామూలు ఓడ ఉంది. సముద్రం కదిలితే కడుపులో తిప్పుతుంది, మాత్ర ముందే వేసుకోండి. దీవి మీద కార్లు, సైకిళ్లు రెండూ నిషేధం, ఈ సంగతి జర్మన్ రోడ్డు నిబంధనల్లోనే హెల్గోలాండ్ పేరు పెట్టి మరీ రాసి ఉంది. నడవాల్సిందే. చిన్న దీవే కాబట్టి మెట్లెక్కి పైఊరికి చేరి, కొండ అంచు వెంట లాంగె ఆన్నా దాకా వెళ్లి రావడం తేలిక, మెట్లు కష్టమైతే లిఫ్ట్ ఉంది.

మూడు రంగులూ ఒకేసారి కళ్లబడాలంటే డ్యూనె మీదికి వెళ్లండి. చిన్న పడవ తీసుకెళ్తుంది, కొద్ది నిమిషాలే. ఇసుకలో నిలబడి పడమటికి తిరిగితే కాళ్ల కింద తెలుపు, ఎదురుగా ఎరుపు, దాని పైన ఆకుపచ్చ. చలికాలంలో వెళ్తే ఆ ఇసుక మీదే బూడిద రంగు సీల్‌లు పిల్లల్ని కంటాయి, పిల్లల బొచ్చు తెల్లగా ఉండి ఇసుకలో కలిసిపోతుంది. చూసుకుని నడవండి, 30 మీటర్ల దూరం పాటించండి, తల్లి పక్కన లేదని పిల్ల దగ్గరికి వెళ్లకండి.